ఎత్తేదాకా

శివకుమారి రాసింది మూడే మూడు వాక్యాలు. అందులో ఒక మాట తక్కువైంది. ఆ తక్కువైన మాటే ఆమెను తీసుకుపోయి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఆ మాట "ఫోను".

ఆలూరు దాటి కర్ణాటక వైపు పోతే ఎర్రబండ అనే ఊరొకటి వస్తుంది. ఆ చుట్టుపక్కల "ఫోను చేయి" అనేవాళ్లు లేరు. "కొట్టు" అంటారు. "మీ మామకు కొట్టినావా?" "కొట్టినా, ఎత్తలే." అంతే, మాట అయిపోయింది. ఫోను అనే ముక్క ఎప్పుడో అరిగిపోయింది, దాని కోసం ఎవరూ బెంగ పెట్టుకోలేదు. పెళ్లిపత్రిక పంచను పోయినవాడికి కూడా "ముందురోజు ఒకసారి కొట్టప్పా, మర్చిపోతాం" అని చెప్పి పంపుతారు. ఎవరికీ ఎక్కడా దెబ్బ తగలదు.

శివకుమారికి ముప్పై నాలుగేళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మొగుడు ఉమామహేశ్ డోన్‌లో సిమెంటు లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో దేవుడికే తెలియాలి. ఇక ఇంట్లో మిగిలింది ఆమె, ఆమె అత్త వెంకటలక్ష్మమ్మ. అత్తకు షుగరు. దానికి తోడు తుంటి విరిగి మంచాన పడింది. పొద్దున సూది వేయాలి, వేళకు ఇంత పెట్టాలి, పక్కకు తిప్పాలి, ఒళ్లు తుడవాలి. ఆ పనులన్నీ కోడలివే. ఇద్దరికీ పడి చచ్చేంత ప్రేమ ఉందని అబద్ధం చెప్పను. పెళ్లైన కొత్తలో ఈ అత్తే ఆమెను మూడు చెరువుల నీళ్లు తాగించింది. అయినా పద్నాలుగేళ్లు ఒక కప్పు కింద బతికాక ఒకరు లేకపోతే ఒకరికి ఇల్లు ఇల్లులా ఉండదు.

మూడేళ్ల కిందట ఈ శివకుమారి ఫేస్‌బుక్‌లో "ఎర్రబండ నీళ్లు" అని ఒక పేజీ పెట్టింది. దాని పద్ధతి ఒకటే. రోజుకొక ఇంటి ఆడమనిషి తన కొళాయి ముందు నిలబడి, తేదీ చెప్పి, కొళాయి తిప్పి చూపించాలి. నీళ్లొస్తే నీళ్లు, గాలొస్తే గాలి. తిట్టు లేదు, పార్టీ పేరు లేదు. సుగ్గికి పోయినవాళ్లు, అంటే పనులు లేని నెలల్లో బెంగళూరికో గుంటూరు మిరపచేలకో మూటాముల్లె కట్టుకుని వలసపోయినవాళ్లు, రాత్రి పని దిగాక ఆ వీడియోలు చూసేవాళ్లు. తమ ఇంటి కొళాయి కనపడితే చాలు, వాళ్లకు ఊరికి పోయి వచ్చినట్టుండేది. చూసేవాళ్లు పెరిగేసరికి ఆఫీసుల్లో కూడా కదలిక వచ్చింది. మూడు నెలలకోసారి తొంగిచూసే ట్యాంకరు వారానికి రెండుసార్లు రావడం మొదలైంది. ఊరికి దక్కిన లాభం అదీ, దండం పెట్టినందుకు కాదు, చూపించినందుకు.

ఈ ఎండాకాలం బోరు మోటారు కాలిపోయింది. పంతొమ్మిది రోజులు కొళాయిలకు గాలే. నీళ్ల ఇంజనీరు ఏఈ సారు నంబరు ట్యాంకు మీద మూరెడు అక్షరాలతో రాసి ఉంటుంది, ఫిర్యాదులకు అని. ఆ సారు మాత్రం ఫోను ఎత్తడు. ఇరవయ్యో రోజు పొద్దున అత్తకు ఒళ్లు తుడవడానికి చెంబెడు నీళ్లు లేక, పక్కింటి లక్ష్మక్క దగ్గరికి పోయి అడుక్కుని, అక్కడా లేవనిపించుకుని వచ్చి, ఒళ్లు మండి, శివకుమారి పేజీలోనూ ఊరి వాట్సాప్ గ్రూపులోనూ ఇలా రాసింది:

"ఏఈ సారు ఎత్తడం లేదు. యాడున్నోళ్లు ఆడి నుంచే సారుకు కొట్టండి. ఎత్తేదాకా కొడతానే ఉండండి."

కొట్టారు మరి. బెంగళూరులో గోడ కడుతున్నవాళ్లు కొట్టారు, మిరపకాయలు కోస్తున్నవాళ్లు కొట్టారు, కడప జిల్లా నుంచి కువైట్ పోయి ఇళ్లల్లో పని చేసుకుంటున్న శివకుమారి పెద్దమ్మ కూతురు అంజలి కూడా అక్కడినుంచి కొట్టింది. మధ్యాహ్నానికి నాలుగు వందలు దాటాయట. మరుసటి రోజు కొత్త మోటారు వచ్చింది. కొళాయిలో నీళ్లు పడుతుంటే లక్ష్మక్క వీధిలో నిలబడి ఏడ్చింది. ఆ వీడియోనే పేజీలో చివరిది.

నాలుగో రోజు పొద్దున పేజీ లేదు. చట్టపరమైన అభ్యర్థన మేరకు ఇది మీ దేశంలో చూపబడదు అని రెండు ముక్కలు మాత్రం ఉన్నాయి. ఫోనే పాడైందేమో అనుకుని ఆఫ్ చేసి ఆన్ చేసింది శివకుమారి. అంతలో అంజలి కొట్టింది.

"అక్కా, ఏమైందంట పేజీకి? బెంగుళూరోళ్లు కనపడ్డంల్యా అంటాండారు. నాకైతే కనపడతానే ఉండాది."

ఎర్రబండ కొళాయి కువైట్‌లో కనపడుతుంది, ఎర్రబండలో కనపడదు. ఈ సంగతి అర్థం చేసుకునేలోగానే ఇంటి ముందర జీపు ఆగింది.

*

ఎస్సై కుర్రవాడు, కోస్తా మనిషి. కసురుకోలేదు, కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. శివకుమారికి ఆ మర్యాద చూస్తేనే భయమేసింది. పక్కన గోడకు ఆనుకుని భూపేష్ నిలబడి ఉన్నాడు. పెద్ద రైతుల ఇంటి పిల్లవాడు, చదువుకున్నవాడు, ఆ ప్రాంతపు నాయకుడి ఫేస్‌బుక్కూ వీడియోలూ అన్నీ చూసేది అతనే. బల్ల దగ్గర కాగితాలు రాసుకుంటున్నది హెడ్ కానిస్టేబుల్ శేషన్న, ఎర్రబండకు రెండు ఊళ్ల అవతలివాడు. ఆమె కుట్టిన జాకెట్లే ఆయన భార్య కూడా తొడుక్కుంటుంది.

ఎస్సై ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. పైనుంచి వచ్చింది, అంతా ఇంగ్లీషు.

"ఇది మీరు రాసినదానికి అనువాదమమ్మా. ఇంజనీరును ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టండి, ఎవరైనా మోసుకుపోయేదాకా కొడుతూనే ఉండండి, అని ఉంది."

శివకుమారికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. నవ్వాక గదిలో తానొక్కతే నవ్విందని తెలిసింది.

"ఫోను సార్. ఫోను కొట్టండి అని. ఎత్తేదాకా అంటే ఫోను ఎత్తేదాకా."

"ఫోను అని ఎక్కడ రాశారు?"

"అది రాసేదేముండాది సార్? మా పక్క అట్లనే అంటారు. సారుకు కొట్టండి అన్యా గానీ సారును కొట్టండి అన్లేదు గదా, సూడండి."

భూపేష్ మెల్లగా అందుకున్నాడు. "తప్పుగా అనుకోవద్దక్కా. మన పక్క కన్నడం కలిసిన మాట. కన్నడపోళ్ల మాదిరి వానికి కొట్టినా అంటే వాణ్ణి బాదినా అని కూడా అంటాం గదా. ఏఈ సారు భయానికి రెండు దినాలు ఆఫీసుకే రాలేదు. సీమ అంటేనే బయటోళ్లు బాంబులు అనుకుంటారు, ఆడ మనం కొట్టండి అని రాస్తే ఎట్ల?"

"నువ్వు ఈ పక్కోనివే గదప్పా. నీకు తెల్దా నేనేం రాసినానో?"

"నాకు తెలుసక్కా. పైన చదివేటోళ్లకు తెలియాల గదా."

ఎస్సై చెయ్యెత్తి ఇద్దరినీ ఆపి, సీఐ గారు ఏమంటారో కనుక్కోమని శేషన్నకు చెప్పాడు. శేషన్న తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత వాకిట్లో ఉన్న కానిస్టేబుల్ వైపు తిరిగి, వేరే ధ్యాసలో ఉన్న మనిషిలా కేకేశాడు.

"సీఐ సారు ఎత్తడంల్యా. నువ్వు నీ దాంట్లోంచి సారుకు కొట్టు. ఎత్తేదాకా కొడతానే ఉండు."

శేషన్న పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. శివకుమారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇన్యారు గదా సార్?" అంది.

"విన్నానమ్మా."

"మరి?"

ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆయన నోటితో అన్నాడు. మీరు రాశారు."

ఆ మాటతో ఆమెకు విషయం పూర్తిగా బోధపడింది. ఇక్కడ ఉన్న ముగ్గురికీ తాను ఏం రాసిందో చక్కగా తెలుసు. తెలియక పట్టుకొచ్చి ఉంటే చెప్పి బయటపడేది. తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పాలి?

దారులు రెండే అన్నాడు ఎస్సై. కేసు కడితే రిమాండుకు పంపాలి, పద్నాలుగు రోజులంటే మామూలు, ఆ తర్వాత సంగతి తన చేతిలో లేదు. లేదంటే క్షమాపణ వీడియో ఇచ్చి, తహశీల్దారు ముందు ఏడాది పాటు బుద్ధిగా ఉంటానని బైండోవర్ బాండు మీద సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. ఆ ఏడాదిలో మళ్లీ అలాంటి మాట వస్తే మాత్రం నేరుగా లోపలికే.

పద్నాలుగు రోజులు. శివకుమారి వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు గాని, పద్నాలుగు సూదులు కళ్ల ముందు కనపడ్డాయి. సూది ఎవరు వేస్తారు? లక్ష్మక్క ఒక పూట చూస్తుంది, రెండు పూటలు చూస్తుంది, ఆమెకూ కూలి ఉంది. ఉమామహేశ్‌కు చేయమంటే శేషన్నే చేసిచ్చాడు. లారీ ఒడిశా దాటి ఎక్కడో ఉంది, రావడానికి వారం. పొద్దున గంజి కూడా తాగించకుండా వచ్చేశానే అనుకుంది. అంతే, ఆమె వాదన అక్కడితో చచ్చిపోయింది.

"సంతకం యాడ పెట్టాల సార్?"

క్షమాపణ రాసిచ్చింది శేషన్నే. "నేను ప్రభుత్వ అధికారిని కొట్టవలసిందిగా ప్రజలను ప్రేరేపించినందుకు మిక్కిలి చింతిస్తున్నాను." ఆమె రెండుసార్లు చదువుకుంది.

"అన్నా, ఫోను కొట్టవలసిందిగా అని ఒక్క ముక్క ఎయ్యి. దండం పెడతా."

"ఫోను ఏస్తే ఇంక తప్పు యాడుంటాది మ్మా?" అన్నాడు శేషన్న గొంతు తగ్గించి. "తప్పు ల్యాకపోతే క్షమాపణ ఏంటికి? గమ్మున చదువు, ఇంటికి పో."

మూడుసార్లు చదివించారు. మొదటిసారి సగంలో ఆగిపోయింది, రెండోసారి కళ్లు కిందికి దించిందట, మూడోది బాగా వచ్చిందన్నారు. చెయ్యని పని చేశానని లోకానికి చెప్పి బయటికి వచ్చాక, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ శివకుమారి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

*

ఆ వీడియోను రెండు లక్షల మంది చూశారు. నీళ్ల పేజీని మూడేళ్లలో అంతమంది చూసి ఎరగరు.

ఇంటికి రాగానే అత్త మొహం గోడకు తిప్పుకుంది. ఆమె అప్పటికే లక్ష్మక్క ఫోనులో అంతా చూసేసి ఉంది.

"నా మంచం సూపిచ్చి నీతో సంతకం పెట్టిచ్చుకున్యారు గదా మ్మే."

"గంజి తాగు అత్తా, సల్లారిపోతాది."

"నాకోసరం ఎందుకు పెట్టినావు? నేనేమన్నా నిన్ను బాగ సూసుకున్యానా?" అంది ముసలామె. శివకుమారి చెంచాతో గంజి తాగించింది.

షరతులు చిన్నవేం కాదు. వాట్సాప్ గ్రూపు ఉండొచ్చు గాని అందులో భూపేష్ కూడా అడ్మిన్‌గా ఉండాలి. ఊరివాళ్ల రాతలు బంద్, శివకుమారి ఒక్కతే ప్రభుత్వ ప్రకటనలు పెట్టాలి, అదీ పుస్తకాల భాషలో. "ప్రజలు గమనించగలరు." "సంబంధిత అధికారులను సంప్రదించగలరు." ఆమె పెట్టింది. మొదట్లో అందరూ చదివారు, తర్వాత కొందరు, ఆ తర్వాత అందరూ చదవడం మానేశారు. చదివినట్టు నీలం గీతలు పడతాయి, ఎవరో ఒకరు దండం బొమ్మ పెడతారు.

రాయకపోవడం ఒక ఎత్తు, పలకకపోవడం ఇంకో ఎత్తు. బాండులో "రాయను, పలకను" అని రెండూ ఉన్నాయి. "జాకెట్టు అయితే కొట్టు మ్మే" అని ఎవరైనా పోతూ పోతూ అంటే, "ఫోను చేస్తాలే" అంటుంది. వాళ్లు ఆగి ఆమె మొహం చూస్తారు, తర్వాత జాలిపడతారు. మొగుడితో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా నాలుక ముందే ఆగి, చుట్టూ తడుముకుని, వేరే మాట తెచ్చుకునేది. ఇంట్లో ఎవరూ లేని వేళ, మిషను తొక్కుతూ ఒకసారి ఊరికే అనిచూద్దామనుకుంది. తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. అనలేదు.

*

రెండు నెలలకు కొత్త మోటారు కూడా కాలింది. ఈసారి కొళాయి ముందు నిలబడి తేదీ చెప్పేవాళ్లు లేరు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వెంకటలక్ష్మమ్మ తిండి తగ్గించేసింది. తింటే లేవాలి, లేపితే కడగాలి, కడగడానికి నీళ్లు కావాలి, అదీ ఆమె లెక్క. "ఆకలి కాలేదు మ్మే" అని కోడలితో అబద్ధమాడేది.

ఒక రోజు పొద్దున సూది వేసి, గంజి మంచం పక్కన పెట్టి, శివకుమారి ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. పన్నెండు గంటలకు చూస్తే గంజి అలాగే ఉంది. అత్త ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసి ఉన్నాయి. చక్కెర నోట్లో వేస్తే పెదవి పక్కనుంచి జారిపోయింది. సూది పడింది, తిండి పడలేదు, షుగరు దిగిపోయింది. అంబులెన్సుకు చేసింది. లైను బిజీ. మళ్లీ చేసింది, మళ్లీ బిజీ. ఒక్క ఫోను చాలదు. పది ఫోన్లు ఒకేసారి పోతే ఏదో ఒకటి కలుస్తుందని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

గ్రూపు తెరిచింది. "అంబులెన్సుకు అందరూ కొ" దాకా రాసింది. బొటనవేలు ఆగిపోయింది. ఆ అక్షరం తుడిచేసింది. తుడిచేసి రాసింది: "అత్యవసరం. మా గృహమునకు అంబులెన్సు పంపవలసిందిగా సభ్యులందరూ సంప్రదించగలరు."

నీలం గీతలు పడ్డాయి. ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఇంకెవరో ఇంకో దండం పెట్టారు. అంతే. అదీ ఒక ప్రకటనే అనుకున్నారు, పాపం వాళ్లదేం తప్పు?

శివకుమారి వీధిలోకి పరుగెత్తింది. మలుపులో ట్యాంకరు ఆగి ఉంది. నలభై మంది ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. వాళ్ల ఎదురుగా భూపేష్ ఫోను ఎత్తిపట్టుకుని, నాయకుడి చొరవతో ఎర్రబండకు నీళ్లు అని లైవ్ పెడుతున్నాడు. ఆ ఫోను ఆమె వైపు తిరిగింది. ఆమె దాన్ని చూసింది.

"ఏమైంది మ్మే?" అంది లక్ష్మక్క బిందె దించి.

"అత్త... అంబులెన్సుకు... అంబులెన్సుకు..."

"ఊ, అంబులెన్సుకు? ఏం చేయాల చెప్పు."

ఫోను చేయండి అంటే సరిపోయేదే. రెండు నెలలుగా రోజూ అంటున్నదే. ఆ క్షణాన ఆ మాట రమ్మన్నా రాలేదు. ఇంట్లో మంచం మీద తేలేసిన కళ్లు ఒకవైపు, ఎదురుగా ఆ ఫోను ఒకవైపు. శివకుమారి కళ్లు మూసుకుని గొంతు చించుకుని అరిచింది.

"కొట్టండి. అందరూ కొట్టండి. ఎత్తేదాకా కొట్టండి."

నలభై బిందెలు నేల మీద పడ్డాయి. నలభై ఫోన్లు చెవులకెక్కాయి. భూపేష్ ఒక చేత్తో లైవ్ ఫోను పట్టుకునే, రెండో జేబులోంచి ఇంకోటి తీశాడు. "నేనూ కొడతాండా అక్కా" అన్నాడు. ఎవరిది కలిసిందో తెలియదు, ఎవరిదో కలిసింది. అరగంటకు అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు ఎక్కిస్తుంటే భూపేష్ ఆమె దగ్గరికి వచ్చి తల వంచుకున్నాడు.

"లైవ్‌లో పోయిందక్కా. తీసేసినా గానీ, అప్పటికే ఎవురో రికార్డు చేసి పెట్టుకున్యారు."

*

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అంది. మరుసటి రోజు పొద్దునకు వెంకటలక్ష్మమ్మ కళ్లు తెరిచి, మంచం పక్క బల్ల మీద ఉన్న నీళ్ల సీసా వైపు చూసి, "ఈడ నీళ్లుండాయే" అంది. శివకుమారి ఏడుస్తూనే నవ్వింది, సంతోషం పట్టలేకపోయింది.

తర్వాత ఫోను చూసుకుంది. పదకొండు సెకండ్ల వీడియో. "మళ్లీ అదే మహిళ" అని పేరు పెట్టారు. అందులో అంబులెన్సు అన్న మాట లేదు, అత్త లేదు. తాను కళ్లు మూసుకుని కొట్టండి, ఎత్తేదాకా కొట్టండి అని అరవడం, బిందెలు దబదబ పడటం, అంతే ఉంది. చూసినవాళ్లు అప్పటికే లక్ష దాటారు.

చేతిలోనే ఫోను మోగింది. శేషన్న. ఆమె ఎత్తలేదు. ఆగింది. మళ్లీ మోగింది. శేషన్నకు అన్నీ తెలుసు, తెలిసే చేస్తున్నాడు, పక్కన ఎవరో కూర్చుని చేయిస్తూ ఉంటారు. ఏడాదిలో ఇంకా పది నెలలు మిగిలి ఉన్నాయి. అత్తకు రేపు పొద్దున సూది ఉంది, ఎల్లుండి పొద్దున ఇంకోటి ఉంది. ఆగిన ఫోను మూడోసారి మోగింది.

"ఎవురు మ్మే అది?" అంది అత్త మంచం మీంచి.

"శేషన్న, అత్తా."

"ఎత్తు మరి. వాడు ఎత్తేదాకా కొడతానే ఉంటాడు."